పాస్‌వర్డ్ పెట్టిన ప్రైవేట్ కీ ఫైళ్లను పైథాన్‌లో డీక్రిప్ట్ చేయడం

పాస్‌వర్డ్ పెట్టి దాచిన ప్రైవేట్ కీ (సంతకం చేయడానికో, డేటాను డీక్రిప్ట్ చేయడానికో వాడే రహస్య కీ) ఫైలును ప్రోగ్రామ్ నుంచి తెరవాల్సి వచ్చినప్పుడు చాలామంది మొదట వెతికేది ఆ పని చేసే ఫంక్షన్ పేరు కోసం. ఆ ఫంక్షన్‌ను పిలవడం ఒక్క వరుస పని. సమయమంతా పోయేది వేరే చోట: ఫైలు ఏ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిందో గమనించకపోవడం వల్ల, సరైన పాస్‌వర్డే ఇచ్చినా అది బైట్లుగా మారే దారిలో ఏదో ఒకటి అదనంగా చేరడం వల్ల, లైబ్రరీ చూపిన దోష సందేశం ఒకటైతే అసలు కారణం మరొకటి కావడం వల్ల. అందువల్ల ఇక్కడ ఫంక్షన్ల కన్నా ఫైలును గుర్తుపట్టడానికీ, దోషాలను అర్థం చేసుకోవడానికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణలన్నీ పైథాన్‌లోని ‘క్రిప్టోగ్రఫీ’ అనే లైబ్రరీకి చెందినవి. ‘పిప్ ఇన్‌స్టాల్’ ఆదేశంతో అది ఇన్‌స్టాల్ అవుతుంది. ఫంక్షన్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాను. ప్రోగ్రామ్‌లో వాటిని మామూలుగానే చిన్న ఇంగ్లీషు అక్షరాలలో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో రాయాలి. ఇక్కడ చెప్పేదంతా మీ సొంత కీలకూ, తెరవడానికి మీకు అనుమతి ఉన్న కీలకూ, పాస్‌వర్డ్ తెలిసి ఉన్నప్పుడు మాత్రమే పనికొస్తుంది. పాస్‌వర్డ్ పూర్తిగా మరచిపోయిన కీని ఏ లైబ్రరీ తెరవలేదు. అలాంటప్పుడు కొత్త కీ తయారుచేసుకుని, పాత సర్టిఫికెట్‌ను (కీకి జతగా ఉండే పబ్లిక్ కీ ఎవరిదో ధ్రువీకరించే పత్రం) రద్దు చేయించి, కొత్తది తీసుకోవడమే మార్గం.

లోపల జరిగేది

మనం టైపు చేసే పాస్‌వర్డ్ నేరుగా ఎన్‌క్రిప్షన్ కీగా పనిచేయదు. ముందుగా దానికి సాల్ట్ అనే యాదృచ్ఛిక బైట్లను జోడించి, ఒక కీ డెరివేషన్ ఫంక్షన్ గుండా పంపిస్తారు. అందులోంచి వచ్చిన బైట్లతో ఏఈఎస్ వంటి సైఫర్, అంటే ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి, ప్రైవేట్ కీని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సాల్ట్, ఆ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు తిప్పాలన్న సంఖ్య, సైఫర్ పేరు, దాని ఆరంభ వెక్టర్ (సైఫర్ మొదలుపెట్టడానికి వాడే బైట్లు) — ఇవన్నీ సాధారణంగా ఫైలులోనే బహిరంగంగా ఉంటాయి. రహస్యం పాస్‌వర్డ్ ఒక్కటే. డీక్రిప్ట్ చేయడమంటే ఆ వివరాలను ఫైలు నుంచి చదివి, అదే గణనను పాస్‌వర్డ్‌తో మళ్లీ చేసి, సైఫర్‌ను వెనక్కి నడిపించడం. ఈ పనిని లైబ్రరీ చూసుకుంటుంది. ఎవరూ సొంతంగా రాయాల్సిన అవసరం లేదు, రాయకపోవడమే మంచిది. అయితే ఆ వివరాలను ఫైలులో ఎక్కడ, ఏ క్రమంలో రాశారన్నది ఒక్కో ఫార్మాట్‌కు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందో తెలుసుకోవడం మాత్రం మన బాధ్యత.

మొదటి వరుస చదవండి

ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచినప్పుడు ఐదు అడ్డగీతలతో, ‘బిగిన్’ అనే మాటతో మొదలైతే అది పెమ్ ఫార్మాట్, అంటే కీని మామూలు అక్షరాలుగా రాసే రూపం. ఆ వరుసలోనే చాలా సమాచారం ఉంటుంది. ‘బిగిన్ ఎన్‌క్రిప్టెడ్ ప్రైవేట్ కీ’ అని ఉంటే అది పీకేసీఎస్ 8 అనే ప్రామాణిక పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన కీ. ఇందులో కీ ఆర్‌ఎస్‌ఏ రకానిదా, ఎలిప్టిక్ కర్వ్ రకానిదా అన్న సంగతి కూడా ఎన్‌క్రిప్ట్ అయిన భాగంలోనే దాగి ఉంటుంది, తెరిచేదాకా తెలియదు. ‘ఎన్‌క్రిప్టెడ్’ అన్న మాట లేకుండా ‘బిగిన్ ప్రైవేట్ కీ’ అని మాత్రమే ఉంటే ఆ కీకి పాస్‌వర్డ్ లేనట్టే. అసలు డీక్రిప్ట్ చేయాల్సిన పనే లేని ఫైలుకు పాస్‌వర్డ్ ఇచ్చి తలపట్టుకునేవారు తక్కువేమీ కాదు.

‘బిగిన్ ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ’ లేదా ‘బిగిన్ ఈసీ ప్రైవేట్ కీ’ అని ఉంటే అది పాత, సంప్రదాయ పెమ్. దీనికి పాస్‌వర్డ్ ఉందో లేదో మొదటి వరుస చెప్పదు, దాని కింది రెండు వరుసలు చెబుతాయి. ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే రెండో వరుసలో ‘ప్రాక్-టైప్: 4,ఎన్‌క్రిప్టెడ్’ అనీ, మూడో వరుసలో ‘డెక్-ఇన్ఫో’ అనే పేరు తరువాత సైఫర్ పేరు, కామా, ఆపై హెక్సాడెసిమల్‌లో ఆరంభ వెక్టర్ ఉంటాయి. ఏఈఎస్ అయితే ఆ వెక్టర్ 16 బైట్లు, అంటే 32 హెక్స్ అక్షరాలు. పాస్‌వర్డ్ నుంచి కీ రాబట్టడంలో ఈ పద్ధతి చాలా బలహీనమైనది: ఇలాంటి ఫైళ్లను తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్రోగ్రామ్ ఇక్కడ వాడేది ఎండీ5 హ్యాష్‌ను, అదీ ఒక్క చుట్టుకే. ఆ వెక్టర్‌లోని మొదటి 8 బైట్లే సాల్ట్‌గా కూడా పనిచేస్తాయి. అలాంటి ఫైలు ఎవరి చేతికైనా చిక్కితే సెకనుకు లెక్కలేనన్ని పాస్‌వర్డ్‌లను ప్రయత్నించి చూడవచ్చు. దీన్ని తెరిచిన వెంటనే పీకేసీఎస్ 8 లోకి మార్చి దాచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ పని ఎలాగో కింద వస్తుంది.

‘బిగిన్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ’ అన్నది మూడో రకం. దూరపు యంత్రాలలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 2014లో విడుదలైన 6.5 వెర్షన్‌తో దీన్ని ప్రవేశపెట్టి, 2018లో వచ్చిన 7.8 నుంచి అన్ని రకాల కీలకూ డిఫాల్ట్‌గా చేసింది. అందుకే ఒకే ప్రోగ్రామ్‌తో తయారైన కీలు అయినా 2018కి ముందువి సంప్రదాయ పెమ్‌గానూ, తరువాతివి ఈ రూపంలోనూ కనిపిస్తాయి. ఇందులో కీ డెరివేషన్‌కు బీక్రిప్ట్ ఆధారంగా చేసిన ఫంక్షన్‌ను వాడతారు. పాస్‌వర్డ్ ఉన్నా లేకపోయినా పై వరుస ఒకేలా ఉంటుంది. ఆ తేడా లోపలి బైట్లలో మాత్రమే తెలుస్తుంది.

ఎడిటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించినప్పుడు ఫైలు బైనరీ రూపంలో ఉందన్నమాట. అప్పుడు హెక్స్ డంప్ తీసి మొదటి పది బైట్లు చూడడం ఎంతో మేలు చేస్తుంది. మొదటి బైటు హెక్స్ 30 అయితే అది ఏఎస్ఎన్.1 (డేటా నిర్మాణాన్ని వర్ణించే ప్రామాణిక పద్ధతి) ప్రకారం రాసిన సీక్వెన్స్. దాని వెనక పొడవు చెప్పే బైట్లు కొన్ని ఉంటాయి. వాటిని దాటాక వచ్చేదే అసలు గుర్తు. అక్కడ 02 01 03 ఉంటే అది పీకేసీఎస్ 12 ఫైలు, అంటే కీనీ, సర్టిఫికెట్లనూ కలిపి ఒకే చోట దాచేది. ఆ 3 దాని వెర్షన్ సంఖ్య. ఫైలు పేరు చివర పీ12 అనో పీఎఫ్ఎక్స్ అనో ఉండేవి ఇవే. 02 01 00 ఉంటే అది ఎన్‌క్రిప్ట్ కాని కీ. మళ్లీ 30 కనిపిస్తే ఎన్‌క్రిప్ట్ అయిన పీకేసీఎస్ 8 కీ, డెర్ అనే బైనరీ రూపంలో ఉందని దాదాపు నిర్ధారణకు రావచ్చు, ఎందుకంటే అందులో మొదట వచ్చేది సైఫర్ వివరాలున్న మరో సీక్వెన్స్. సర్టిఫికెట్ కూడా 30, మళ్లీ 30 గానే మొదలవుతుంది కాబట్టి చేతిలో ఉన్నది నిజంగా కీ ఫైలేనని ముందే చూసుకోవాలి. ఫైలు ‘ఫీడ్ ఫీడ్’ అని చదవగలిగే నాలుగు హెక్స్ బైట్లతో మొదలైతే అది జావాకు చెందిన పాత జేకేఎస్ కీస్టోర్; దీన్ని ఈ లైబ్రరీ చదవదు, జావాతో వచ్చే కీటూల్‌తో పీకేసీఎస్ 12 లోకి మార్చుకోవాలి. అలాగే ‘పుట్టీ-యూజర్-కీ-ఫైల్’ అన్న వరుసతో మొదలయ్యే పీపీకే ఫైళ్లను (పుట్టీ ప్రోగ్రామ్ కీ ఫైళ్లు) పుట్టీజెన్‌తో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ రూపంలోకి ఎగుమతి చేసుకోవాలి.

పాస్‌వర్డ్‌ను సరిగ్గా అందించడం

ఈ లైబ్రరీ పాస్‌వర్డ్‌ను స్ట్రింగ్‌గా తీసుకోదు, బైట్లుగానే తీసుకుంటుంది. స్ట్రింగ్ ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. అందువల్ల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో బైట్లుగా మార్చి ఇవ్వాలి. మనిషి కూర్చుని నడిపే ప్రోగ్రామ్ అయితే పైథాన్‌తోపాటే వచ్చే గెట్‌పాస్ మాడ్యూల్‌తో పాస్‌వర్డ్ అడగడం సులభమైన, సురక్షితమైన పద్ధతి. టైపు చేసేది తెర మీద కనిపించదు, షెల్ చరిత్రలోకీ వెళ్లదు. పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్‌గా మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు, ఎందుకంటే అదే యంత్రం మీద ఉన్న ఇతర యూజర్లకు నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలో అది సాధారణంగా కనిపిస్తుంది.

ఎవరూ లేకుండా దానంతట అదే నడవాల్సిన ప్రోగ్రామ్ అయితే పాస్‌వర్డ్ ఒక ఫైలు నుంచో, రహస్యాలను భద్రపరిచే సేవ నుంచో వస్తుంది. అందరినీ ఎక్కువగా ఇబ్బంది పెట్టే చిక్కు ఇక్కడే ఉంది. ఎకో ఆదేశంతో పాస్‌వర్డ్‌ను ఫైలులోకి రాస్తే దాని చివర న్యూలైన్ అక్షరం, అంటే హెక్స్ 0ఏ బైటు చేరుతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండ్ పాస్‌వర్డ్ ఫైలులోని మొదటి వరుసను చివరి న్యూలైన్ తీసేసి చదువుతుంది కాబట్టి అక్కడ అదే ఫైలు చక్కగా పనిచేస్తుంది. పైథాన్‌లో రీడ్ ఫంక్షన్‌తో చదివితే ఆ న్యూలైన్ కూడా పాస్‌వర్డ్‌లో భాగమైపోతుంది. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాల పాస్‌వర్డ్‌కు తొమ్మిది బైట్లు వస్తే ఈ న్యూలైన్‌ను అనుమానించాలి. విండోస్‌లో రాసిన ఫైలైతే క్యారేజ్ రిటర్న్ కూడా చేరి పది అవుతాయి. దీనికి మందుగా స్ట్రిప్ ఫంక్షన్‌ను గుడ్డిగా వాడేవారున్నారు, కానీ అది పాస్‌వర్డ్‌లో కావాలని పెట్టిన ఖాళీలను కూడా తీసేస్తుంది. చివరి న్యూలైన్, క్యారేజ్ రిటర్న్ అక్షరాలను మాత్రమే పేర్కొని ఆర్‌స్ట్రిప్‌తో తొలగించడం సరైన పద్ధతి.

పాస్‌వర్డ్‌లో తెలుగు వంటి లిపుల అక్షరాలు ఉంటే మరో జాగ్రత్త అవసరం. ఉదాహరణకు ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ, ఎత్వానికి ఐత్వపు కింది గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లు మాత్రం వేరు. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ సంగతీ అంతే. ఒక కీబోర్డు దాన్ని చేరుస్తుంది, మరొకటి చేర్చదు. ఇలాంటి పాస్‌వర్డ్ పనిచేయకపోతే పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో ఎన్ఎఫ్‌సీ (కోడ్‌లను కలిపిన) రూపాన్నీ, ఎన్ఎఫ్‌డీ (విడదీసిన) రూపాన్నీ ప్రయత్నించి చూడాలి.

తెరవడం

ఇప్పుడు అసలు పని. ఫైలును బైనరీ రీతిలో, అంటే ‘ఆర్‌బీ’ మోడ్‌లో తెరిచి, అందులోని బైట్లన్నీ చదవాలి. ఫైలు పెమ్ రూపంలోని పీకేసీఎస్ 8 లేదా సంప్రదాయ కీ అయితే, లైబ్రరీలోని సీరియలైజేషన్ మాడ్యూల్ నుంచి లోడ్_పెమ్_ప్రైవేట్_కీ ఫంక్షన్‌ను దిగుమతి చేసుకుని, మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఆ బైట్లనూ, పాస్‌వర్డ్ అనే పేరుతో రెండో ఆర్గ్యుమెంట్‌గా పాస్‌వర్డ్ బైట్లనూ ఇవ్వాలి. డెర్ రూపమైతే లోడ్_డెర్_ప్రైవేట్_కీ, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ రూపమైతే లోడ్_ఎస్ఎస్‌హెచ్_ప్రైవేట్_కీ. ఇచ్చే ఆర్గ్యుమెంట్లు అవే. పాత ఉదాహరణలలో బ్యాకెండ్ అనే మూడో ఆర్గ్యుమెంట్ కనిపిస్తుంది. 2020లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి దాన్ని ఇవ్వాల్సిన అవసరం లేదు.

పీకేసీఎస్ 12కు దారి కొంచెం వేరు. అదే సీరియలైజేషన్ కింద ఉన్న పీకేసీఎస్12 మాడ్యూల్‌లోని లోడ్_కీ_అండ్_సర్టిఫికెట్స్ ఫంక్షన్‌ను పిలిస్తే మూడు విలువలు తిరిగి వస్తాయి: ప్రైవేట్ కీ, దానికి చెందిన సర్టిఫికెట్, మిగిలిన సర్టిఫికెట్ల జాబితా. మొదటి రెండింటిలో ఏదైనా ‘నన్’గా రావచ్చు, ఎందుకంటే కీ లేకుండా కేవలం సర్టిఫికెట్లతో ఉన్న పీ12 ఫైళ్లు కూడా ఉంటాయి. ఈ అవకాశాన్ని పరీక్షించకుండా ముందుకు వెళితే దోషం ఎక్కడో కింది వరుసలో, సంబంధం లేని రూపంలో బయటపడుతుంది.

తిరిగి వచ్చేది బైట్లు కాదు, కీ ఆబ్జెక్టు. దాని రకాన్ని ఈజ్‌ఇన్‌స్టెన్స్‌తో పరీక్షించి, మీకు కావలసిన ఆర్‌ఎస్‌ఏ కీ లేదా ఎలిప్టిక్ కర్వ్ కీ అదేనని నిర్ధారించుకోవాలి. ఆ కీకి జతగా సర్టిఫికెట్ ఉంటే ఒక్క అడుగు ముందుకు వేసి, కీ ఆబ్జెక్టు నుంచి పబ్లిక్_కీ పద్ధతితో పబ్లిక్ కీని తీసి, సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో పోల్చి చూడడం మంచిది. రెండింటినీ డెర్ బైట్లుగా మార్చి పోలిస్తే సరిపోతుంది. పాస్‌వర్డ్ సరిపోయి కీ తెరుచుకున్నంత మాత్రాన అది ఆ సర్టిఫికెట్‌కు చెందిన కీ అని చెప్పలేము. సర్టిఫికెట్ పునరుద్ధరించినప్పుడు కీ కూడా మారి, పాత కీ ఫైలు అదే ఫోల్డర్‌లో మిగిలిపోవడం తరచూ జరిగేదే.

దోష సందేశాలను చదవడం

టైప్ ఎర్రర్ వస్తే మూడు కారణాలలో ఒకటై ఉంటుంది: ఎన్‌క్రిప్ట్ కాని కీకి పాస్‌వర్డ్ ఇచ్చారు, ఎన్‌క్రిప్ట్ అయిన కీకి పాస్‌వర్డ్ ఇవ్వలేదు, లేదా పాస్‌వర్డ్‌ను బైట్లుగా కాక స్ట్రింగ్‌గా ఇచ్చారు. సందేశంలోనే ఏదన్నది స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఇది పెద్ద సమస్య కాదు.

వాల్యూ ఎర్రర్ దగ్గరే ఆలోచించాల్సి వస్తుంది. పెమ్ కీలలో సాధారణంగా కనిపించే, డేటాను ముక్కలుగా ఎన్‌క్రిప్ట్ చేసే సీబీసీ పద్ధతిలో పాస్‌వర్డ్ సరైనదా కాదా అని పరీక్షించే ప్రత్యేక ఏర్పాటు లేదు. డీక్రిప్ట్ చేశాక చివరి బైట్లలోని ప్యాడింగ్ (ఆఖరి ముక్కను నింపడానికి చేర్చే బైట్లు) సరిగా ఉందో లేదో మాత్రమే లైబ్రరీ చూడగలదు. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా దాదాపు 256లో ఒకసారి, చివరి బైటు అనుకోకుండా 01 అయినప్పుడు, ప్యాడింగ్ పరీక్ష నెగ్గిపోతుంది. అప్పుడు లోపలి చెత్తను ఏఎస్ఎన్.1గా చదవబోయి లైబ్రరీ విఫలమవుతుంది, ఫైలు నిర్మాణమే దెబ్బతిన్నట్టు ధ్వనించే సందేశం ఇస్తుంది. ఒకే ఫైలుకు రెండు తప్పు పాస్‌వర్డ్‌లు ఇస్తే రెండు వేర్వేరు సందేశాలు రావడానికి కారణం ఇదే. కాబట్టి సందేశంలోని మాటలను వెతికి దాన్నిబట్టి నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామ్ రాయకూడదు. పైగా ఆ మాటలు లైబ్రరీ వెర్షన్‌ను బట్టి మారుతూ ఉంటాయి.

ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఫార్మాట్‌లో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉంది. ఎన్‌క్రిప్ట్ అయ్యే భాగం మొదట్లో ఒకే 32 బిట్ల సంఖ్యను రెండుసార్లు రాస్తారు. డీక్రిప్ట్ చేశాక ఆ రెండూ సమానంగా లేకపోతే పాస్‌వర్డ్ తప్పు. అయితే ఈ సందర్భంలో లైబ్రరీ ఇచ్చే సందేశం డేటా పాడైందని, చెక్‌సమ్ సరిపోలేదని చెబుతుంది. అది చూసి ఫైలు చెడిపోయిందనుకుని బ్యాకప్ కోసం పరుగెత్తే ముందు పాస్‌వర్డ్‌ను మరోసారి చూసుకోవాలి. ఇదే ఫార్మాట్‌లో బీక్రిప్ట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి లేకపోయినా దోషం వస్తుంది, కానీ అది అన్‌సపోర్టెడ్ అల్గారిథమ్ రకానికి చెందినది. ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే తీరిపోతుంది. పీకేసీఎస్ 12 ఫైళ్లలో సాధారణంగా పాస్‌వర్డ్‌పై ఆధారపడిన మ్యాక్, అంటే డేటా మారలేదని పరీక్షించే సంకేతం, ఉంటుంది కాబట్టి తప్పు పాస్‌వర్డ్ అక్కడ వెంటనే పట్టుబడుతుంది, ఫైలు పాడైనా అదే చోట పట్టుబడుతుంది. రెండింటినీ విడదీసి చెప్పడం మాత్రం లైబ్రరీకి సాధ్యం కాదు.

పాత పీ12 ఫైళ్లతో వచ్చే ఇంకో ఇబ్బంది పాస్‌వర్డ్‌కు సంబంధించినది కాదు. అలాంటి చాలా ఫైళ్లలో సర్టిఫికెట్ల భాగాన్ని 40 బిట్ల ఆర్‌సీ2 సైఫర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసేవారు. 2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 అలాంటి బలహీనమైన సైఫర్లను ‘లెగసీ’ అనే వేరే భాగంలోకి నెట్టేసింది. అందువల్ల నిన్నటిదాకా తెరుచుకున్న ఫైలు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన తరువాత ‘అన్‌సపోర్టెడ్’ అంటుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ పీకేసీఎస్12 కమాండ్‌కు ‘లెగసీ’ ఆప్షన్ ఇచ్చి ఆ ఫైలును ఒక్కసారి తెరిచి, కొత్త సైఫర్‌తో మళ్లీ భద్రపరుచుకుంటే సమస్య తిరిగి రాదు.

డీక్రిప్ట్ అయిన కీని ఏం చేయాలి

ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఉదాహరణలు కీని తెరిచిన వెంటనే దాన్ని పాస్‌వర్డ్ లేకుండా మరో ఫైలులోకి రాసేస్తాయి. చాలా సందర్భాలలో ఆ అవసరమే ఉండదు. కీ ఆబ్జెక్టు మెమరీలో ఉండగానే దానితో సంతకం చేయవచ్చు, డేటాను డీక్రిప్ట్ చేయవచ్చు. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన నెట్‌వర్క్) కనెక్షన్ కోసమే అయితే పైథాన్ ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌లోని లోడ్_సర్ట్_చైన్ పద్ధతి ఎన్‌క్రిప్ట్ అయిన పెమ్ ఫైలునూ, పాస్‌వర్డ్‌నూ నేరుగా తీసుకుంటుంది. మధ్యలో మనం డీక్రిప్ట్ చేసి ఇవ్వాల్సిన పని లేదు.

ఫార్మాట్ మార్చడం కోసం రాయాల్సి వస్తే, కీ ఆబ్జెక్టులోని ప్రైవేట్_బైట్స్ పద్ధతికి మూడు సంగతులు చెప్పాలి: ఎన్‌కోడింగ్ పెమ్ అని, ఫార్మాట్ పీకేసీఎస్8 అని, ఎన్‌క్రిప్షన్‌కు బెస్ట్అవైలబుల్ఎన్‌క్రిప్షన్ అని. ఈ మూడోదానికి కొత్త పాస్‌వర్డ్‌ను బైట్లుగా ఇవ్వాలి. పైన చెప్పిన ఎండీ5 కాలపు కీలను గట్టి రూపంలోకి మార్చే పని ఈ ఒక్క పిలుపుతో అయిపోతుంది. పాస్‌వర్డ్ లేకుండానే రాయక తప్పని పరిస్థితి అయితే ఆ మూడో చోట నోఎన్‌క్రిప్షన్ ఇవ్వాలి. అప్పుడు ఫైలును మామూలుగా సృష్టించి తరువాత అనుమతులు మార్చడం సరికాదు, ఆ రెండు పనుల మధ్య సందులో ఇతరులు దాన్ని చదవగలరు. ఓఎస్ మాడ్యూల్‌లోని ఓపెన్ ఫంక్షన్‌కు ఓ_క్రియేట్, ఓ_ఎక్స్‌క్లూజివ్ అని అర్థమిచ్చే ఫ్లాగులతోపాటు 600 అనుమతులను (యజమాని మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా) మొదటే ఇవ్వాలి. లినక్స్‌లో అయితే ఆ ఫైలును డిస్క్ మీద కాక, సాధారణంగా మెమరీలో ఉండే టీఎంపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో పెట్టడం మేలు. ఎస్ఎస్‌డీ మీద రాసిన ఫైలును తొలగించినా, దాని మీద వేరే బైట్లు రాసినా, పాత బైట్లు చిప్‌లో ఎక్కడో మిగిలిపోయే అవకాశం ఉంటుంది.

మెమరీ విషయంలో పైథాన్‌కు ఒక పరిమితి ఉంది. బైట్స్ ఆబ్జెక్టులోని విలువను మార్చడం కుదరదు కాబట్టి, పని అయిపోయాక పాస్‌వర్డ్‌ను సున్నాలతో చెరిపేయడం సాధ్యపడదు. డెల్ అని రాస్తే పేరు పోతుంది గానీ మెమరీలోని బైట్లు అలాగే ఉండవచ్చు. మెమరీని సురక్షితంగా తుడిచివేయలేమని ఈ లైబ్రరీ డాక్యుమెంటేషన్ కూడా తన పరిమితుల పేజీలో చెబుతుంది. అందుచేత కీని తెరిచే పనిని రోజుల తరబడి నడిచే పెద్ద సర్వర్ ప్రాసెస్‌లో కాకుండా, సంతకం చేసి వెంటనే ముగిసిపోయే చిన్న ప్రాసెస్‌లో పెట్టడం, ఆ ప్రాసెస్‌కు కోర్ డంప్‌లు (కూలినప్పుడు దాని మెమరీని ఫైలులోకి రాయడం) రాకుండా ఆపడం ఆచరణలో సాధ్యమైన జాగ్రత్తలు. లాగ్‌ల విషయం కూడా చూసుకోవాలి. కొన్ని దోష నివేదిక పరికరాలు ప్రోగ్రామ్ ఆగిపోయిన చోట ఉన్న లోకల్ వేరియబుల్స్ అన్నింటి విలువలనూ సేకరించి బయటికి పంపుతాయి. లోడ్ ఫంక్షన్ వాల్యూ ఎర్రర్‌తో ఆగిపోయినప్పుడు ఆ వేరియబుల్స్‌లో పాస్‌వర్డ్ కూడా ఒకటి. కాబట్టి లోడ్ పిలుపును ట్రై, ఎక్సెప్ట్‌ల మధ్య ఉంచి, దోషాన్ని అక్కడే పట్టుకుని, కీ తెరుచుకోలేదన్న మాట, ఫైలు పేరు, దోషం రకం మాత్రమే లాగ్‌లోకి వెళ్లేలా చూడాలి.